కంపు చేపది కాదు

మా చిన్న తోడికోడలికీ నాకూ ఉప్పూ నిప్పూ. నలభై ఏళ్లుగా పక్కపక్క బల్లల మీద చేపలమ్ముతున్నాం, ప్రేమగా నలభై మాటలు మాట్లాడుకుని ఉండం. దాని నోటి దురుసు మార్కెట్టంతటికీ తెలుసు. దాని ముక్కు పనితనం మాత్రం నాకే తెలుసు.

పొద్దున్నే బుట్ట దించగానే మొప్ప ఎత్తి వాసన చూస్తుంది. అనుమానం వచ్చిందా, ఆ చేప పిల్లులకే. పెట్టిన డబ్బు గుర్తొచ్చి మళ్లీ బల్ల మీద పెట్టడం నేను చూడలేదు. నేను పెట్టాను, ఒకటి రెండుసార్లు. దాచేదేముంది.

పోయిన నెల ఆహార పరీక్షల ఆఫీసు నుంచి ఒకాయన పెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో చిన్న గాజు బిళ్ల. దాని మీద గ్రాఫీన్ అనే పొర ఉందట, బొగ్గు జాతిదేనట, ఒక్క పరమాణువు మందమట. చేప కుళ్లితే వచ్చే ఆవిరి ఆ పొరకు అంటుకుంటుంది, దాని గుండా పోయే వెలుతురు మారుతుంది, పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఎరుపొస్తే బల్ల ఖాళీ చేయాలి.

మొదటి బల్ల మా తోడికోడలిదే. ఎరుపొచ్చింది. ఇంకో చేప చూశాడు, మళ్లీ ఎరుపే. కాగితం మీద రాసుకుని, సామాను సర్దుకోమన్నాడు. నేను గబగబా నా బుట్ట మీద గోనె కప్పేశాను. అది మాత్రం కొంగు నడుముకు బిగించి, పెట్టె మీదికి వంగి గట్టిగా వాసన పీల్చింది.

"బాబూ, ఈ కంపు చేపది కాదు. మీ గాజుది."

చుట్టూ నవ్వారు. ఆయనకు రోషం వచ్చింది. పెద్ద చదువులవాళ్లు చేసిన యంత్రంతో ముక్కు వాదించకూడదన్నాడు.

"యంత్రాన్ని నేనేమన్నాను? ఖాళీ బల్ల మీద పెట్టి చూడండి. అక్కడా ఎరుపొస్తే బల్ల కుళ్లిందని రాసుకోండి."

పెట్టక తప్పలేదు. అక్కడా ఎరుపే. బిళ్లను దేంతో తుడిచారని అడిగింది. అద్దాలు తుడిచే నీలం మందుతోనట. అందులో అమ్మోనియా ఉంటుందనీ, కుళ్లిన చేపలోంచి వచ్చేదీ ఆ జాతి ఆవిరేననీ ఆయనే నసిగాడు. సంచిలోంచి కొత్త బిళ్ల తీసి మార్చాడు. చేప దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఇక్కడే ఉండి అమ్ముకోమ్మా అంటూ ముందు రాసింది కొట్టేయబోయాడు. అది కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టేయొద్దు. తప్పెందుకొచ్చిందో కింద రాయండి. రేపు ఇంకో మార్కెట్టుకు పోతారు, అక్కడ నాలాంటి నోరు ఉండకపోవచ్చు."

రాశాడు. దానికి చదువు రాదు గనుక కాగితం నా చేతిలో పెట్టింది. నా ఐదో తరగతి చదువుతో, ఎవరి తొందరనూ పట్టించుకోకుండా, కూడబలుక్కుని పైకి చదివాను. మళ్లీ చదవమంది. చదివాను. అప్పుడు కాగితం ఆయనకిచ్చి, ఖాళీ చేయమన్న బల్ల దగ్గరే కూర్చుని చేప కోయసాగింది.