నల్ల అంచు చల్లని కబురు

బతికున్న మనిషిని నేను ఒకసారి చంపాను. కత్తితోనో కర్రతోనో కాదు. అచ్చు వేయించి, స్టాంపులు అంటించి, పుంగనూరుకూ కుప్పానికీ పోస్టు చేసి మరీ చంపాను. పోయింది పరాయివాడైనా కాదు, నాకు అన్నం పెట్టిన మేనమామ. నా మీద కాస్తో కూస్తో గౌరవం మిగిలుంటే ఇక్కడే ఆపేయండి, నేనేమీ అనుకోను.

మామ పేరు నారాయణప్ప. మదనపల్లెలో కూలర్లు, గీజర్ల అంగడి. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే ఊళ్లో కూలర్లు అమ్మడమంటే ఎంత అదృష్టమో మీరే ఊహించుకోండి. అందుకే సంచి భుజాన వేసుకుని పుంగనూరు, కుప్పం తిరిగి రిపేర్లు చేసేవాడు. ఆ శీతాకాలం మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేకపోయాడు. ఇక దిగులు మొదలైంది.

"చెడిపోతేనేరా నేను గుర్తొచ్చేది. బాగైనాక ఎవుడూ తలుసుకోడు. రేపు నేను పోతే ఈళ్లల్లో ఒక్కడన్నా వస్తాడంటావా?"

రోజూ ఇదే మాట. అన్నం దగ్గర కూడా ఇదే. వినలేక చచ్చేవాణ్ణి. అప్పుడే మంగలి అంగట్లో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో చదివాను, పెద్ద కంపెనీలు ఖాతాదారులకు వార్తల కాగితం పంపుతాయని. డిగ్రీ చదివిన బుర్ర కదా, ఊరుకుంటుందా?

"మామా, మనమూ ఒక కాగితం యేద్దాం. పైన నీ ఫోటో."

"యాల్రా? చెడిపోతే వాళ్లే వస్తారు కదా."

"చెడిపోకముందే నువ్వు గుర్తు రావల్ల మామా."

ఆ మాటకు కరిగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోటో తీయించుకున్నాడు.

ప్రెస్సు ఆయన అన్నాడు, "పూల అంచులన్నీ పెండ్లి కార్డుల్లో ఇరుక్కోని ఉండాయప్పా. ఈ లావు నల్లగీత ఒగటే ఉండాది."

"అదే వెయ్యన్నా. గంభీరంగా ఉంటాది."

ఆయన ఫోటో వైపు చూసి, "పాపం, మంచి మనిషి" అని కూలి తగ్గించాడు. నా బేరం తెలివికి నేనే మురిసిపోయాను.

కాగితానికి 'చల్లని కబురు' అని పేరు పెట్టాను. ఫోటో కింద నా సొంత రచన: 'ఇన్నేళ్లుగా మీ ఇంటిని చల్లగా ఉంచిన నారాయణప్పగారు ఇకపై మీ ఇంటికి రాలేరని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' మోకాళ్ల నొప్పులనీ, ఆయన బదులు నేను వస్తాననీ, కూలరు గడ్డి ఎప్పుడు మార్చాలనీ వెనకవైపు వివరంగా రాశాను.

వెనకవైపు ఎవరు చూస్తారండీ! నల్ల అంచు కాగితాన్ని మా వైపు ఇంట్లోకే రానివ్వరు. వాకిట్లోనే చదివి, చించి పారేసి, తలకు పోసుకుంటారు. మేము అమ్మిన గీజర్లకు ఆ పూట తీరిక లేదు.

మర్నాడు పుంగనూరు బట్టల అంగడి గంగులప్ప గులాబీ దండతో దిగాడు. మామ కూలరు వెనక కూర్చుని గడ్డి కూరుతున్నాడు.

"రాన్నా! కాగితం అందినాదా?" అన్నాను, పళ్లన్నీ కనపడేలా.

"అందినాదప్పా. కాళ్లూ సేతులూ ఆడలేదు. ఎట్ల జరిగినాది?"

"అంతా నేనే సేసినానన్నా, ఒంటి చేత్తో."

"ఏందీ!"

"మామ ముందు ఒప్పుకోలేదు. నేనే మంచిమాటలు సెప్పి దారికి తెచ్చినా."

గంగులప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. అంతలో నెత్తిన గడ్డితో మామ పైకి లేచి, "ఎవుర్రా వచ్చింది?" అన్నాడు. గంగులప్ప బెంచీ మీద కూలబడ్డాడు. దండ కిందపడింది. వీధి మొదట్లో కుప్పం టీ హోటలు మునెమ్మ గొంతు వినపడింది: "ఓ నారాయణన్నా! నా బాయిలరుకు ఇంక దిక్కెవురన్నా!"

మామ కాగితం చదివాడు. నన్ను కొడతాడనుకున్నాను. అందరికీ కాఫీ తెప్పించి, కళ్లు తుడుచుకున్నాడు.

"వచ్చినార్రా. నాకోసం వచ్చినార్రా."

"ఇట్లాంటి కబురు పుడితే ఆయుస్సు పెరుగుతాదిలేన్నా" అన్నాడు గంగులప్ప.

పెరిగింది కూడా. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే కాగితం వేయించాడు మామ. "అదే అంచు వెయ్యరా, జనం గుర్తుపట్టినారు" అనేవాడు. జనం చూసి నవ్వుకునేవాళ్లు, ఎవరూ చించేవాళ్లు కాదు.

ఒక కార్తీకంలో మామ నిజంగానే పోయాడు.

అదే ప్రెస్సు, అదే ఫోటో, అదే అంచు. కర్మక్రియల కార్డులు నేనే పోస్టు చేశాను. కర్మ రోజు బంధువులు వచ్చారు. పుంగనూరు బస్సులు వచ్చాయి, కుప్పం బస్సులు వచ్చాయి. ఆయన ఎదురుచూసిన మనిషి ఒక్కడూ దిగలేదు. బస్టాండులో నిలబడి నిలబడి నాకు ఏడుపొచ్చింది.

ఎండలు ముదిరాక గంగులప్ప వచ్చాడు, జట్కాలో పాత కూలరు వేసుకుని.

"మీ కాగితం వచ్చిన్నాడే రావల్లనుకున్న్యానప్పా, పనుల్లో కుదర్లా. ఈతూరి గడ్డి మార్సల్ల. మామ యాడ?"

అందుకని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిలి వైపే చూస్తున్న మామ ఫోటో ముందు ప్రమాణం చేశాను. ఈ జన్మలో నల్ల అంచు కాగితం ముట్టను. నేను పోయినప్పుడు కార్డు వేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పిపెట్టాను. మనిషే వెళ్లి నోటితో చెప్పాలి. చెప్పి, కాస్త ఏడవాలి కూడా. లేకపోతే కూలరు తీసుకుని వస్తారు.