తుమికి పానకం

చిత్తిర నెల వచ్చిందంటే చెంగమ్మ కుడి బొటనవేలి గోరు ముదురు తేనెరంగుకు తిరిగేది. నెల పోయినా రంగు పోయేది కాదు. చింతపండుతో రుద్దినా పోయేది కాదు. పోగొట్టుకోవాలని ఆమె పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

అది తుమికి పండు రంగు.

అత్తిమంజేరిపేట చుట్టుపక్కల గుట్టల మీద తుమికి చెట్లున్నాయి. ఆకు బీడీల వాళ్లది. పండు పిట్టలది, మేకలు కాచేవాళ్లది. మామిడిపండు, పనసపండు అన్నట్టు తుమికిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పచ్చిది కొరికితే నాలుక బిగుసుకుపోతుంది. నోట్లో గుడ్డ కుక్కినట్టుంటుంది. మాగిన పండు వెన్నలా జారుతుంది, తియ్యగా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక్క రోజు. ఆ రోజు ఏదో చెంగమ్మ బొటనవేలికి తెలుసు.

మిగతా విషయాల్లో ఆమె మామూలు మనిషి. రెండెకరాల వేరుశనగ చేను, రెండు ఆవులు. మొగుడు పోయి పదేళ్లు. కొడుకు దామోదరం, కోడలు కాంచన. చదువు లేదు. ఎక్కువ మాట్లాడే అలవాటూ లేదు. కాని తిరుత్తణిలో ఆమె పేరు తెలియని పాతవాళ్లు తక్కువ.

అందుకు కారణం ఒక కుండ. పెళ్లయిన కొత్తలో తిరుత్తణి కొండ మీది చిత్తిర ఉత్సవానికి వెళుతూ దారిలో తాగడానికి తుమికి పానకం కలుపుకొని పోయింది. కొండమెట్ల కింద పూజ సామాన్ల అంగడి వాళ్లు వేసిన చలిపందిరిలో కూర్చుని తాగుతుంటే, ఆ అంగడి ఇల్లాలు కన్యకాంబ వాసన పట్టి వచ్చి ఒక గుక్క అడిగింది. గ్లాసు అడుగు దాకా తాగింది. తర్వాత, "వచ్చే ఏడు మా పందిరికి చేసి తీసుకురా" అంది. అట్లా మొదలైంది. ప్రతి ఏడాదీ రథం కదిలే రోజున చెంగమ్మ మొదటి బస్సుకు వచ్చేది. మెట్లెక్కి దిగినవాళ్లకు గ్లాసు చేతికిచ్చేది. ఇరవైరెండేళ్లు అలాగే జరిగింది.

చేసే తీరు పెద్దదేమీ కాదు. పండ్లు రంగు తిరగగానే కోసి, కుండలో వరిగడ్డి పరిచి, మూతికి మట్టి మెత్తి నాలుగు రోజులుంచాలి. అయిదో రోజు ఒక్కో పండునీ బొటనవేలితో నొక్కి చూడాలి. వేలు ఆగితే పక్కన పెట్టాలి, దిగితే తీసుకోవాలి. గింజ తీసి గుజ్జు పలచని గుడ్డలో పిండాలి. రాత్రంతా నానిన నన్నారి, అంటే సుగంధిపాల, వేళ్ల నీళ్లు, బెల్లం నీళ్లు, నిమ్మరసం, చిటికెడు శొంఠి, ఉప్పుకల్లు ఒకటి. మిరియం వెయ్యకూడదు, వేస్తే నన్నారి వాసన చచ్చిపోతుంది. గుజ్జు ఒక కుండలో, తక్కిన నీళ్లు వేరుగా తీసుకుపోయి పందిరిలోనే కలపాలి. ముందే కలిపితే గడ్డకట్టుకుంటుంది.

ఇంకొకటి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచిందని కాదు. చెప్పవలసిన సంగతని ఆమెకు తోచలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైఏడులో పండ్లు ఏరుతూ చెంగమ్మ గుట్ట మీద రాయి జారి మడమ బెణికించుకుంది. కాలు నేల మీద పెట్టలేకపోయింది. కాంచన ఆ ఇంటికి వచ్చి ఏడాది. ఆమె పుట్టిల్లు కడంబత్తూరు. రైలు పట్టాల పక్కన చదును నేల, అక్కడ తుమికి చెట్టు లేదు. అత్త మంచం మీద నుంచి పండ్లు నొక్కి ఏరి ఇస్తే, గుజ్జు తీసి, అంతా సర్దుకొని ఆ పిల్ల ఒక్కతే వెళ్లింది.

సాయంత్రం తిరిగొచ్చింది. కుండ దించి గోడకు ఆనుకుని కూర్చుంది.

"పారబోసేసినారత్తా" అంది. "తాగినోళ్లు తాగినట్టే ఉమిసినారు."

కుండ అడుగున కొంచెం మిగిలి ఉంది. చెంగమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నాలుక బిగిసింది. ఆమె ఏరిన పండ్లలో ఒక్కటీ పచ్చిది లేదు.

"బెల్లం నీళ్లు కాచినావా?"

"ఇసక ఉండింది బెల్లంలో. దేవుని పనికి ఇసక నీళ్లా అని కాచి వడగట్టినాను."

"ఆరినాక గుజ్జులో పోసినావా?"

కాంచన కొంగుతో కుండ అంచు తుడిచింది.

"బస్సుకు పొద్దయిపోతా ఉండింది" అంది. "పంచాయితీ కుళాయి కాడ నీళ్లకు నిలబడి ఆలస్యమై, ఆరేదాకా ఆగకుండా ఇంట్లోనే కలిపేసి పోయినాను."

మాగిన తుమికిలో వగరు పోదు. నిద్రపోతుంది. వేడి తగిలితే లేస్తుంది. చెంగమ్మ ఎన్నడూ బెల్లం కాచలేదు. చల్లటి నీళ్లలో నానబెట్టి, ఇసుక అడుగుకు దిగాక పైనీళ్లు వంచుకునేది. కాబట్టి కాచితే ఏమవుతుందో కోడలికి చెప్పలేదు.

వారం తర్వాత తిరుత్తణి నుంచి వచ్చినవాళ్లెవరో అడిగారు. "పండు పచ్చిదాన్ని ఏరేసినాను" అంది చెంగమ్మ. ఆ మాట ఆమెకంటే ముందు తిరుత్తణికి చేరింది. చెంగమ్మ వేలికి పనితనం పోయిందన్నారు. ఆమె విన్నది. విని ఊరుకుంది.

మరుసటేడు ఉత్సవానికి పదిరోజుల ముందు ఆమె అంగడికి వెళ్లింది. కన్యకాంబ మొగుడు పోయాడు, కొడుకు జనార్ధనం కూర్చుంటున్నాడు. ముప్పై ఏళ్లవాడు. చెడ్డవాడు కాదు. పందిరికి జనం రావాలి, తన పందిరి గురించి మంచిగా చెప్పుకోవాలి, అంతే అతని ఆశ.

"అక్కా, కోపపడొద్దు" అన్నాడు. "ఈ ఏడు రోజ్ షర్బత్తు, ఐసు. ముడివు చేసేసినాను, ఇంక మార్చేది లేదు. పోయినేడు సామిని చూసి దిగొచ్చినోళ్లు నాలుక గీక్కుంటా నిలబడినారు. నాకు తల ఎత్తేదానికి లేకుండా పోయింది."

"ఇరవైరెండేండ్లు ఎవురన్నా ఉమిసినారా అయ్యా?"

"ఇరవైరెండేండ్లు ఎవురికి గుర్తుంటాదక్కా? పోయినేడే గుర్తుంటాది."

లోపలి నుంచి కన్యకాంబ గొంతు వినిపించింది. "ఒక కుండ తెచ్చుకోనీరా. ఐసు కరిగినాక నీ ఎర్రనీళ్లు ఎవురు తాగుతారు?"

జనార్ధనం లోపలికోసారి చూశాడు. "సరి. ఒకే కుండ. మొదటి గ్లాసు అందరి ముందర నేనే తాగుతాను. నా నాలుక పట్టేసిందంటే, ఇంక మళ్లా తుమికి మాట ఎత్తగూడదు."

"ఎత్తనయ్యా."

పందిరిలో ఏటా నీళ్లు పోసే కుప్పయ్య అక్కడే గుంజలు కొలుస్తున్నాడు. "తాగినాక నోరు పెగలకపోతే ఎట్ల చెప్తావయ్యా?" అన్నాడు. "తలకాయ ఊపు చాలు, నేను చాటింపేస్తాను."

చెంగమ్మ ఇంటికి వచ్చి కోడలితో చెప్పింది. "ఒక కుండకు ఒప్పించినాను. నువ్వే చెయ్యాల."

"నేను చెయ్యనత్తా."

"ఎందుకు?"

"నీ చేత్తో నువ్వు చేస్తే పోయిన పేరు వస్తాది. నేను తాకితే ఉండేది గూడా పోతాది."

చెంగమ్మ ఆవుకు నీళ్లు పెడుతోంది. తలెత్తలేదు. తను చేస్తే పేరు వస్తుందని ఆమెకూ తెలుసు. కాని అప్పుడు కాంచన జన్మలో మళ్లీ ఆ కుండ ముట్టుకోదు. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు.

"నాకు మోకాళ్లు నొప్పులు" అంది. "గుట్ట దాకా వస్తాను. తక్కిందంతా నువ్వే."

గుట్ట నుంచి తెచ్చిన పండ్లు కుండలో మాగాక, అయిదో రోజు చెంగమ్మ కాంచన వేలిని తన చేత్తో పట్టి పండు మీద నొక్కింది. "ఇది కాదు. ఇది కాదు. ఇది. తెలిసిందా?" తెలియలేదంది కాంచన. మూడో రోజుకు తెలిసింది. ఏరినవాటిలో చెంగమ్మ రెండంటే రెండే తీసి పక్కన పెట్టింది.

రథం రోజుకు ముందు సాయంత్రం కాంచన బెల్లం ముందు పెట్టుకుని అడిగింది. "నానబెట్టేదా, కాచేదా?"

"నువ్వు ఎట్ల చేస్తావు?"

"కాచేదే నాకు ఇష్టం. నానబెడితే సన్న ఇసక దిగదు, పళ్ల కింద కరకరమంటాది. ఇరవైరెండేండ్లు జనం ఇసక తాగినారు."

చెంగమ్మ నవ్వింది. "తాగినారు. ఎవురూ చెప్పలేదే?"

"నీ మొగం చూసి చెప్పలేదులే అత్తా."

కాచారు. వడగట్టారు. తెల్లవారేసరికి బెల్లం నీళ్లు పోసిన ఇత్తడి బిందె బావినీళ్లంత చల్లగా ఉంది. కాంచన చేతి వెనక వైపు ఆనించి చూసి తలాడించింది.

మొదటి బస్సు ఉత్సవం జనంతో నిండి ఉంది. కాంచన గుజ్జు కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెంగమ్మ వెనక నన్నారి నీళ్లతో ఇరుక్కుంది. బెల్లం నీళ్ల బిందె ఎక్కడ పెట్టాలో తెలియక కాంచన చూస్తుంటే కండక్టరు అందుకున్నాడు. "ఇట్లియ్యమ్మా, తొణక్కుండా పెడతాను" అన్నాడు. తీసుకుపోయి డ్రైవరు పక్కన భద్రంగా పెట్టాడు.

తిరుత్తణిలో దిగాక బిందె అందుకోబోయి కాంచన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంజను పెట్టె మీద పెట్టి ఉంచాడు. గంటసేపు.

పందిరిలో ఎండ ఎక్కకముందే జనం చేరారు. రథం కదిలే వేళవుతోంది. ఐసు గడ్డ గోనెపట్టాలో కరుగుతోంది. జనార్ధనం కొత్త పంచె కట్టుకుని చేతిలో గ్లాసుతో సిద్ధంగా ఉన్నాడు.

"వచ్చినారా? కలుపు కలుపు. జనం చూస్తా ఉండారు."

కాంచన అత్త వైపు చూసింది. చెంగమ్మ పందిరి గుంజకు ఆనుకుని కూర్చుంది. బిందె వేడెక్కిందని ఆమెకూ తెలుసు. పెదవి కదపలేదు.

"ఇప్పుడు కలపనయ్యా" అంది కాంచన.

"ఏమి?"

"బెల్లం నీళ్లు వేడిగా ఉండాయి. ఆరాల."

"రథం నీ బెల్లం నీళ్ల కోసరం ఆగుతాదా? వేడిగా ఉంటే ఐసు వెయ్యి."

"ఐసు వేస్తే పలచనైపోతాది. అరగంట."

"అరగంటా!" జనార్ధనం చుట్టూ చూశాడు. ఎవరో నవ్వారు. "పోయినేడు వగరు, ఈ ఏడు వేడి. వచ్చే ఏడు ఏమి తెస్తారమ్మా, పొయ్యి తెస్తారా?"

కాంచన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గలేదు. "నువ్వు తిట్టినా సరే, కుండ పగలగొట్టినా సరే. వేడి మీద పొయ్యను. పోసి ఒకసారి చూసినాను."

చెంగమ్మ గుంజకు ఆనుకున్న వీపు నిటారుగా పెట్టుకుంది. ఇన్నేళ్లలో తనను ఎవరూ తొందర పెట్టలేదు. తొందర పెట్టి ఉంటే, అంగడి వాళ్ల మాటకు ఎదురు చెప్పగలిగేదా? ఏమో. ఆమెకు తెలియలేదు.

పందిరిలో నీళ్లకుండలు తడి ఇసుకలో పాతి ఉన్నాయి. కాంచన ఒక కుండ పక్కకు జరిపి, ఆ గుంతలో బిందె దించింది. చుట్టూ తడి ఇసుక ఎగదోసింది. కుప్పయ్య తువ్వాలు విప్పి విసరడం మొదలుపెట్టాడు. "పిల్లకు జ్వరం వచ్చినట్టుండాదే" అన్నాడు బిందెను చూసి. జనార్ధనం తలకొట్టుకుని షర్బత్తు పంచడానికి వెళ్లాడు.

కాంచన అక్కడి నుంచి కదలలేదు. మధ్యమధ్య చేతి వెనక వైపు బిందెకు ఆనించేది. "ఇంకా ఆరాల" అనేది. మెట్ల మీద మేళం వినిపించింది. మళ్లీ ఆనించింది. ఇంకా. కుప్పయ్య చెయ్యి మార్చుకున్నాడు.

చివరికి ఆమె అత్తను పిలిచింది. "నువ్వొకసారి చూడత్తా."

"నువ్వు చూసినావు గదా" అంది చెంగమ్మ. లేవలేదు.

కాంచన కలిపింది. నన్నారి నీళ్లు, బెల్లం నీళ్లు, నిమ్మ, శొంఠి, ఉప్పుకల్లు. చివరికి గుజ్జు, చేత్తో, నెమ్మదిగా, నురుగు రాకుండా. పండిన వరిచేను రంగు వచ్చింది. గ్లాసు ముంచి జనార్ధనం చేతికిచ్చింది.

జనం చూస్తున్నారు. అతను తాగాడు. గ్లాసు దించాడు. నాలుక పెదవుల మీద తిప్పుకున్నాడు.

"ఊపయ్యా తలకాయ" అన్నాడు కుప్పయ్య.

జనార్ధనం గ్లాసు చాపాడు. "ఇంకొకటి పొయ్యి."

ఆ తర్వాత కుండ చుట్టూ మనుషులే. పాతవాళ్లు రుచి చూసి, చెంగమ్మ వైపు తిరిగి, "నీ వేలికి మళ్లా ప్రాణం వచ్చిందే" అన్నారు. ముసలాయన ఒకడు రెండో గ్లాసు కూడా తాగి, పళ్ల కింద ఇసుక తగల్లేదే, ఇదేమి కొత్త అన్నాడు.

"నా వేలు కాదు" అంది చెంగమ్మ. "నా కోడలిది."

కాంచన గ్లాసు ముంచడం ఆపింది. "పోయినేడు పాడు చేసింది గూడా నేనే" అంది, అందరికీ వినబడేట్టు. "వేడి నీళ్లు పోసేసినాను. అత్త పండు ఒక్కటి గూడా పచ్చిది కాదు."

జనార్ధనం చెంగమ్మ వైపు తిరిగాడు. "మరి పచ్చి పండు ఏరినానని నువ్వెందుకు చెప్పినావక్కా? ఏడాదంతా మాట పడినావే!"

"మా ఇంట్లో ఏ చెయ్యి చేసినా పేరు నాదే గదయ్యా" అంది చెంగమ్మ. "బాగున్నప్పుడు తీసుకోని, బాగలేనప్పుడు వద్దంటే ఎట్ల?"

రథం పందిరి ముందుకు వచ్చేసరికి కుండ ఖాళీ అయింది. కన్యకాంబ అంగడి గడపలో నిలబడి కొడుకును పిలిచి, వచ్చే ఏడు రెండు కుండలని చెప్పింది.

తిరుగు బస్సులో జనం తగ్గలేదు. పొద్దుటి కండక్టరే. కాంచన ఒళ్లో ఇత్తడి బిందె చూసి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యమ్మా, ముందర పెడతాను."

"వద్దన్నా" అంది కాంచన.

"ఖాళీదే గదా?"

"ఖాళీదైనా సరే."

బిందెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. చెంగమ్మ పక్కనే ఉంది. కిటికీలోంచి వచ్చిన ఎండ బిందె అంచు మీద పడింది, అక్కడున్న కాంచన బొటనవేలి మీద పడింది. గోరు ముదురు తేనెరంగులో ఉంది. చెంగమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది, ఊరు వచ్చేదాకా.