వడ్డాణం కింది నరం

మెరూన్ రంగు వెల్వెట్‌ను బాలమణి బల్ల మీద ఏటవాలుగా పరిచి, సుద్ద గీత వెంట పెద్ద కత్తెర నడిపింది. గీత నడుం వెనక ఎముక దగ్గర మొదలై, కిందికీ బయటికీ వాలుతూ తొడ ఎముక దాకా పోయింది. ఎదురుగా సారా మేడం ఇచ్చిన పుస్తకం తెరిచి ఉంది. అందులో అక్షరాలు ఇంగ్లీషువి. కండ పోగులు ఎటు నడుస్తున్నాయో చూడటానికి మాత్రం బాలమణికి అక్షరాలతో పని లేదు. గుడ్డకు పోగున్నట్టే కండకూ పోగుంది. పోగును కాదని కోస్తే రవిక చంకలో ఎలా లాగుతుందో, ఈ కండా అలాగే లాగుతుంది.

"పిరుదులో అన్నిటికన్నా పెద్ద కండరం ఇదేనమ్మా, గ్లూటియస్ మాగ్జిమస్," అంది సారా. "కూర్చున్న మనిషి లేవాలన్నా, మెట్లెక్కాలన్నా దీని బలమే."

"పేరు బాగ పెద్దగున్నది మేడం. మేం బ్యాక్ ప్యాడ్ అంటం."

మూల చాప మీద కూర్చుని జడకుచ్చులు కడుతున్న జాయ్స్ కిసుక్కున నవ్వింది. "అక్క ఎన్ని కుట్టిందో తెలుసా సారా? మగాళ్ళకి ఆడవేషం వేస్తే వెనక ఎత్తంతా అక్క పనే. హాల్లో జనం ఈలలేసేది ఈవిడ స్పాంజికి!"

సారా కొండమీది ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. జాయ్స్‌తో కలిసి ఒకే చర్చికి వెళుతుంది. ఇంజక్షన్ చేయడం నేర్చుకునే అమ్మాయిలకు పొరపొరా విప్పి చూసుకునే బొమ్మ కావాలని వెతుకుతుంటే, జాయ్సే ఆమెను కృష్ణానగర్‌లోని ఈ రెండో అంతస్తు గదికి తీసుకొచ్చింది.

బాలమణికి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. రహమత్ నగర్‌లో పెళ్ళయిన కొత్తలో, సినిమా కంపెనీలు పారేసిన పాత దుస్తులు తెచ్చుకుని, ఒక్కో కుట్టూ విప్పి, లోపల ఏముందో చూసి నేర్చుకుంది. విప్పితే ఏదైనా తెలుస్తుందని ఆమె నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఫిల్మ్ నగర్ సెట్లలో నటులకు దుస్తులు తొడుగుతోంది. దారం తెంపే చిన్న కత్తెర నాడాకు కట్టి ఎప్పుడూ మెడలో వేసుకుంటుంది. స్నానానికి తప్ప తీయదు.

"అమ్మాయిలతో పెద్ద చిక్కమ్మా," అంది సారా. "పరీక్షలో కూడా 'నడుం ఇంజక్షన్' అని రాస్తారు. పిరుదు అనడానికి సిగ్గు."

"అందరం గంతే కదా మేడం. నడుముకు సూది ఏయించుకున్న అంటం. పిర్ర అని ఎవరన్న నోట్లకెల్లి తీస్తరా?"

"నోట్లోంచి తీయకపోయినా ఫర్వాలేదు. చూడాల్సిన చోటంతా బట్ట తీసి చూడాలి. అదీ మా గొడవ."

బాలమణి చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

వారంలో పొరలన్నీ తయారయ్యాయి. బట్టల దుకాణపు బొమ్మ కింది సగభాగానికి కుడివైపు స్పాంజి కోసి, సారా ఇచ్చిన ప్లాస్టర్ ఎముకలు అమర్చింది. పైన మెరూన్ వెల్వెట్, ప్రెస్ బటన్లు లాగితే తలుపులా తెరుచుకుంటుంది. దాని కింద విసనకర్రలా కుచ్చులు పెట్టిన శాటిన్ కండ. మనిషి ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుం పక్కకు ఒరిగిపోకుండా పట్టేది ఇదేనట. దాని అడుగున అదే ఆకారంలో ఇంకా చిన్నది. ఆ పక్కన, వెన్ను అడుగు నుంచి తుంటి దాకా అడ్డంగా సాగిన బేరిపండు ఆకారం కండ. ఆ బేరిపండు కింది అంచులోంచి బయటికొచ్చి, తొడలోకి దిగేది పెద్ద నరం. ఒంట్లో అంత లావు నరం మరొకటి లేదని సారా చెప్పింది.

ఆ నరం జాయ్స్ చేసింది. జడకుచ్చులకు వాడే పసుపు పట్టుదారంతో బొటనవేలంత లావున అల్లింది. పైకి ఒకటే తాడు, లోపల రెండు పాయలు. కింద మోకాలి దగ్గర విడిపోయి పాదం దాకా పోతాయి.

"లోపలి పాయ పిక్కకీ అరికాలికీ," అని సారా వేలు పెట్టి చూపించింది. "బయటి పాయ పాదాన్ని పైకెత్తుతుంది. సూది తగిలితే ముందు దెబ్బతినేది ఎక్కువగా ఈ బయటిదే."

జాయ్స్ ఆ పాయను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "అయితే నాది ఇదన్నమాట. సొంత నరం నేనే అల్లుకున్నాను."

జాయ్స్‌కు కుడి పాదం లేవదు. అడుగు వేయాలంటే మోకాలు ఎత్తుగా లేపి, పాదాన్ని జారవిడవాలి. చెప్పు నేలకు కొట్టుకుని 'ఠప్' మంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు రోజూ పొద్దున్నే మెట్లెక్కి బాలమణి దగ్గరికి వస్తోంది. జాయ్స్ రాని ఆదివారాల్లో కూడా, మిషన్ ఆపగానే బాలమణికి మెట్ల మీద ఠప్పుమని వినిపిస్తుంది. తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరు.

"పిరుదును నాలుగు భాగాలు చేసి, పైన, బయటి మూలకి వేస్తే నరానికి తగలదంటున్నావు కదా," అంది జాయ్స్. "నాకు సూది వేసినవాడూ అక్కడే వేస్తున్నాననే అన్నాడే?"

"అక్కడైతే తగలదు జాయ్స్. కిందకొచ్చి ఉంటాడు."

"తాగి ఉంటాడు సచ్చినోడు! ఆ ప్రేమ్ చంద్‌ని నేనింకా ప్రతి ఆదివారం ప్రార్థనలో తిడుతూనే ఉన్నా."

"ప్రార్థనలో తిట్టడమేంటే!"

"ప్రభువుకి అన్నీ చెప్పాలిగా మరి."

ఇద్దరూ నవ్వారు. బాలమణి సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. దారం మూడుసార్లు తప్పింది.

మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళిపోయాక గది గడియ పెట్టుకుంది. పాత పెట్టెలోంచి కుచ్చిళ్ళ పావడా ఒకటి తీసి బొమ్మకు తొడిగింది. దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పున్న వడ్డాణం పెట్టి, రెండు పేటల దారంతో నడుం చుట్టూ కుట్టేసింది. ఆ రోజు కుట్టినట్టే.

పంతొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు పాటలో ఇరవైమంది డాన్సు అమ్మాయిలు, వాళ్ళలో జాయ్స్ ఒకతె. జాయ్స్ వడ్డాణం గెంతినప్పుడల్లా జారుతోందని బాలమణే ఒంటిమీద కుట్టింది. మధ్యాహ్నానికి జాయ్స్ జ్వరంతో కాలిపోయింది. యూనిట్‌కు మందులిచ్చే ప్రేమ్ చంద్ సూది పట్టుకొచ్చి, "నడుం దగ్గర వదులు చేయమ్మా," అన్నాడు. బయట షాట్ రెడీ అని అరుస్తున్నారు. "ఇప్పుతే మళ్ళ కుట్టనీకి అర్ధగంట. నేను పైకి లేపుత, జల్ది గుచ్చు," అంది బాలమణి. బోర్లా పడుకున్న జాయ్స్ పావడాను కిందినుంచి ఎత్తి, కుచ్చిళ్ళన్నీ గుత్తిగా తుంటి పక్కన పట్టుకుంది. జాయ్స్ అరిచిన అరుపుకు సెట్లో పాట ఆగిపోయింది.

ఇప్పుడు బొమ్మను బోర్లా పెట్టి పావడాను అలాగే ఎత్తి పట్టుకుంది. వడ్డాణం, దాని కింద ఇరుక్కున్న గుడ్డ కలిసి పిరుదు పైసగాన్ని కప్పేశాయి. గుత్తి బయటి పక్కను కప్పింది. మిగిలిన ముక్కే మొత్తం పిరుదులా కనిపిస్తోంది. ఆ ముక్కను సుద్దతో నాలుగు భాగాలు చేసింది. పైన, బయటి మూలలో పొడవాటి సూదిని నిటారుగా దించింది.

తర్వాత దారం తెంపి, పావడా తీసి, వెల్వెట్ బటన్లు ఒక్కొక్కటే లాగింది. సూది కొన పసుపు పట్టు బయటి పాయలో దిగి ఉంది.

లాగేస్తే వచ్చేసింది. పట్టు మీద చుక్కంత చిల్లు మిగిలింది. వేలితో రుద్దినా పోగులు కలవలేదు. మెట్ల మీద ఠప్పుమంది. బాలమణి ఈసారి లేచి తలుపు తీయలేదు.

ప్రేమ్ చంద్ తాగి లేడు. బయటి మూలకే వేశాడు. అతనికి కనిపించినంతలో అదే బయటి మూల. ఆ కనిపించడం బాలమణి చేతుల్లో ఉంది. అతను ఎవరికీ ఏమీ చెప్పకుండా ఫిల్మ్ నగర్ వదిలి వెళ్ళిపోయాడు. బాలమణి కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. జాయ్స్‌ను పనిలో పెట్టుకుంది. లోకం దాన్ని మంచితనం అనుకుంది, జాయ్స్ కూడా. ఇప్పుడు నోరు విప్పితే మెట్లెక్కి వచ్చే ఆ ఒక్క మనిషీ రాకుండా పోతుంది. విప్పకపోతే బొమ్మ బట్టల్లేకుండా కాలేజీకి పోతుంది. బట్టలున్న మనిషి దగ్గర ఏం తప్పు జరుగుతుందో ఆ పిల్లలకు ఎవరు చెబుతారు?

మర్నాడు పొద్దున జాయ్స్ చాప మీద కూర్చోగానే బాలమణి పావడా కట్టిన బొమ్మను ఆమె ముందు పెట్టింది. మాటలతో చెప్పడం చేతకాలేదు. చేసి చూపించింది. ఎత్తింది, గీసింది, గుచ్చింది, విప్పింది.

"పావడా లేపింది నేనే జాయ్స్. ఆయన నడుం దగ్గర వదులు చెయ్యమన్నడు. నేనే వద్దన్న."

జాయ్స్ పసుపు తాడులోని చిల్లు మీద వేలు పెట్టింది. ఒళ్ళోంచి జడకుచ్చు జారి కిందపడింది.

"కత్తెర నీ మెళ్ళోనే ఉంది కదక్కా, ఆ రోజు?"

"ఉండె."

"రెండు పేటలేగా. టక్కుమని తెంపేదానివి."

బాలమణి చెయ్యి మెడలోని కత్తెర మీదికి పోయింది.

"పంతొమ్మిదేళ్ళు ఆ మనిషిని తిట్టానక్కా. దేవుడి ముందు కూర్చుని తిట్టాను. నువ్వు నా పక్కనే కూర్చుని కుచ్చులు కట్టించావు."

లేచి వెళ్ళిపోయింది. ఇరవై రెండు మెట్లు. బాలమణి ప్రతి ఠప్పునూ విన్నది. ఆ తర్వాత మూడు రోజులు మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. ఉత్తుత్తి చప్పుడు కూడా లేదు. దానికన్నా ఇదే ఎక్కువ భయపెట్టింది.

ఆ మూడు రోజుల్లో ఎర్ర దారపు సన్న నరాలు కుట్టింది. బేరిపండు కండకు పైనుంచి ఒకటి వచ్చి విసనకర్ర కండకు పోతుంది, కిందినుంచి ఒకటి వచ్చి పెద్ద కండకు పోతుంది. ప్రతిదానికీ సారా తెలుగులో రాసిచ్చిన చీటీ కట్టింది. పావడాను మళ్ళీ తొడిగి, వడ్డాణానికి కుట్టు బదులు హుక్కులు పెట్టింది. పసుపు తాడులో చిల్లును మాత్రం పూడ్చలేదు.

నాలుగో రోజు పదకొండు గంటలకు సారా వచ్చింది. ఆమె వెనకాలే ఠప్, ఠప్. జాయ్స్ లోపలికి వచ్చింది గానీ చాప మీద కూర్చోలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

సారా పొరలన్నీ తెరిచి, మూసి, చీటీలు చదువుకుంది. "ఒక్క తప్పు లేదమ్మా. ఈ పావడా ఎందుకు?"

బాలమణి చెప్పింది. మొత్తం చెప్పింది, తన చేతుల సంగతి కూడా. సారా జాయ్స్ వైపు తిరిగింది. జాయ్స్ గోడ వైపు చూస్తోంది.

"సారా, ఆవిడకి చెప్పు," అంది జాయ్స్. "వడ్డాణానికి ఇప్పుడు హుక్కు పెట్టింది. హుక్కు వద్దను. ఆ రోజులాగే కుట్టమను."

"కుడితే మా పిల్లలు ఎలా తీస్తారే?"

"తెంపాలి. పాఠం అక్కడే మొదలవ్వాలి. ముందు దారం తెంపి, పైనుంచి విప్పి, అప్పుడు సూది పట్టుకోవాలి."

"ప్రతి తరగతికీ తెంపితే మళ్ళీ ఎవరు కుడతారు?"

"నన్నడుగుతావేంటి? కుట్టింది ఎవరో వాళ్ళనే అడుగు."

"నేనే వస్త మేడం," అంది బాలమణి. "ఎన్నిసార్లు తెంపుతే అన్నిసార్లు వచ్చి కుడత."

జాయ్స్ అప్పటికీ ఆమె వైపు చూడలేదు. "ఆ ప్రేమ్ చంద్ ఎక్కడున్నాడో కనుక్కోమని కూడా చెప్పు. నేను మాట్లాడాలి."

"కనుక్కుంట," అని బాలమణి సారాతోనే చెప్పింది.

కూర్చుని హుక్కులు ఊడదీసింది. సూదిలో రెండు పేటల దారం ఎక్కించింది. ఈసారి ఒక్కసారికే ఎక్కింది. వడ్డాణాన్ని నడుం చుట్టూ కుట్టి ముడి వేసింది. కొస తెంపడానికి మెడలో కత్తెర అందుకుని తెంపింది. తర్వాత నాడాను తల మీదుగా తీసి, వడ్డాణం పక్కనే, చేతికి మొదట తగిలే చోట కత్తెరను వేలాడగట్టింది.

బొమ్మను పాత దుప్పటిలో చుట్టి, రెండు చేతులతో ఎత్తి సారా చేతుల్లో పెట్టింది.