వేడి లేని గడ్డ

మా నాన్న రైల్వేలో బోగీలు తనిఖీ చేసేవాడు. బండి ఆగగానే చక్రాల పక్కనుండే యాక్సిల్ బాక్సుల మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ పోవడం ఆయన పని. చెయ్యి కాలితే ఆ బోగీని విడదీయాలి, చల్లగా ఉంటే బండి కదలొచ్చు. ఇంట్లో అన్నం గిన్నెకీ, మా నుదుటికీ కూడా అదే పరీక్ష.

నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ మెడ మీద గడ్డ లేచింది. పూరీ గేట్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్ గుమ్మంలో అమ్మను నిలబెట్టి, నాన్న చేతి వెనకవైపు ఆనించి చూశాడు.

"వేడి నేదు, నొప్పి నేదు. ఏటీ కాదు, ఠీక్ హై."

"నాను సెప్పినాను కదేటి, ఆస్పత్రెందుకని!" అంది అమ్మ, బతికిపోయాననుకుని.

ఆ గడ్డ చల్లగానే పెరిగింది. చల్లగానే అమ్మను తీసుకుపోయింది.

ఇప్పుడు నేను ఈ ఊళ్లోనే, ఒక ల్యాబ్‌లో టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ మీద పనిచేస్తున్నాను. ఒంట్లో రక్షణ కణాలు శత్రువు మీద పడితే అక్కడ వాపు, వేడి పుడతాయి. ఆ పోట్లాట శ్రుతి మించితే మనకే చేటు. అందుకే ఈ ప్రొటీన్ వెళ్లి ఆ కణాలకు అతుక్కుని, ఇక చాలు, తగ్గండి అని లోపలికి కబురు పంపుతుంది. అది లేకపోతే మనం బతకలేం. కానీ కొన్ని క్యాన్సర్ గడ్డలు దాన్ని బోలెడంత వదులుతాయి. కాపలా కణాలు పక్కనే ఉండి కూడా చేతులు కట్టుకుంటాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మరి. ఆ ప్రొటీన్ పేరు రాసేటప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఏళ్లుగా నేను భయపడుతున్న ప్రశ్న నాన్న ఒక సాయంత్రం టీ తాగుతూ అడిగేశాడు.

"మీ యమ్మ గడ్డ ఎందుకు కాలనేదమ్మా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెబితే తెలిసిపోయే మొహం నాది. ఉన్నదంతా చెప్పాను. అమ్మ ఒంట్లో ఇదే జరిగిందని రుజువు లేదని కూడా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే దాని ఒల్లు కూడా నాలాగే నమ్మీసినాదా?"

"నమ్మింది నాన్నా."

ఆ మాటతో కాస్త తేరుకుంటాడనుకున్నాను. లేదు. ఆ రోజు నుంచి అన్నం గిన్నె మీద కూడా చెయ్యి పెట్టడం మానేశాడు.

మొన్న వానాకాలంలో నాకు జ్వరం తగిలింది. దుప్పటి కప్పుకుని వణుకుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు తటపటాయించి, నా నుదుటి మీద చెయ్యి వేశాడు. ఇక తీయలేదు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"కాల్తన్నాదమ్మా," అన్నాడు. "కాల్తన్నాది."