గాడిదకు కూడా సెలవే

ఈ అరబ్బు దేశంలో, దార్సైట్ అనే పేటలో మా ఫ్లాట్ హాల్లో శుక్రవారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ల కోసం ఒక క్లాసు నడుపుతున్నాను. లోకంలో ఎవరెవరు ఎలా బతుకుతారో చెప్పుకోవడమే మా సిలబస్. ఈ రోజు యూదుల వంతు. చరిత్ర, పండగలు, వంటింటి నియమాలు అన్నీ సిద్ధం చేసుకున్నాను. క్లాసు మాత్రం వాళ్ల విశ్రాంతి దినం దగ్గరే ఆగిపోయింది.

“శుక్రవారం పొద్దు గుంకితే శనివారం చీకటి పడేదాకా పని ముట్టుకోరు. యజమానికే కాదు, పనివాళ్లకూ గాడిదకూ కూడా సెలవని వాళ్ల ధర్మశాస్త్రమే చెబుతుంది” అన్నాను.

“గాడిదకు గూడా సెలవేనా అక్కా?” అంది సుబ్బమ్మ. కడప మనిషి, ఇక్కడ ఒక ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం ఆమెకు సెలవే, పేరుకు.

అంతలోనే ఆమె ఫోన్ మోగింది. చుట్టాలొచ్చారు, వెంటనే రమ్మని మేడమ్. సుబ్బమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని చెప్పుల దాకా వెళ్లి ఆగింది.

“ఆజ్ మేరా ఛుట్టీ హై మేడమ్. రాత్‌కో ఆతీ.” ఈ రోజు నాకు సెలవు, రాత్రికి వస్తానని తనకొచ్చిన హిందీలో చెప్పేసింది.

ఫోన్ ఆఫ్ చేసి, వచ్చి కూర్చుంది. “చెప్పక్కా, గాడిద కాడికి వచ్చినాం.”

మీ ఇంట్లో పనిచేసేవాళ్లకు సెలవు ఏ రోజో కామెంట్లో చెప్పండి. “అడగలేదు కాబట్టి ఇవ్వలేదు” అనేవాళ్లకు వచ్చే శుక్రవారం ముందు వరుసలో కుర్చీ వేస్తాను.