చివరి వరసలో ఎనిమిదోది

మేష్టారు పోయారన్న కబురు బుధవారం పొద్దున్న నా సైకిల్ కొట్టుకి వచ్చింది. అప్పుడు నా జేబులో బేరింగు గుండు ఒకటి ఉంది. అది ఆయనది. ఇవాళో రేపో ఇచ్చేద్దామనుకుంటూనే ఉన్నాను.

ఆయన బరంపురంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. జీవితమంతా పరమాణువు నడిమధ్యనుండే కేంద్రకం గొడవే. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. అయినా ఒడియా బడుల్లో చదివే మన పిల్లల కోసం తెలుగులో రాస్తున్న చిన్న పుస్తకాన్ని ముందు నాకే వినిపించేవారు. "నీ బుర్రకెక్కితే గంజాం జిల్లా అంతటికీ ఎక్కినట్టేరా" అనేవారు. పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేలలేదు.

ఆదివారం వస్తే నా బల్ల మీద స్టీలు పళ్లెం పెట్టి, మైనంతో గట్లు కట్టి, పాత బేరింగు గుండ్లు పేర్చేవారు. లోపల రెండు, తర్వాత ఆరు, ఆపైన పన్నెండు, చివర ఎనిమిది.

"ఇరవై ఎనిమిది నిండితే న్యూట్రాన్లు తలుపేసుకున్నట్టేరా."

"తలుపెవులేసినారు మేష్టారూ?"

"సూడు, ఈ గుండు సుట్టూ తిరుగుతాది, తనలో తానూ తిరుగుతాది. రెండూ ఒకే వైపైతే కిందకి కుదురుకుంటాది. ఎదురు తిరిగిందా, పైకి లేసిపోతాది. ఈ ఎనిమిదీ అలాగే దిగి, పై వరసకి దూరమైనాయి. ఆ మజ్జిన ఖాళీయే తలుపు."

"అయితే నాను ఎదురు తిరిగినోణ్ణే."

"అందుకే నీకు కుదురు లేదు, ఎదవా."

న్యూట్రాన్లు మరీ ఎక్కువైన కేంద్రకాల్లో ఆ తలుపే ఊడిపోతుందట. పుస్తకంలో చివరి పాఠం అదే. "ఆర్యపల్లి పడవలో జనమంతా ఒక్క పక్కే కూకుంటే ఎవుడి సోటు ఆడికుంటాదేటి?" అని మొదలుపెట్టి, బాగుందా అన్నట్టు నా మొహం చూసేవారు. నాకు తెలిసిన సైన్సంతా ఆ పళ్లెంలోదే.

నా చేతి దురద ఊరుకోదు కదా. ఆయన కళ్లజోడు తుడుచుకునేలోగా ఒక గుండు మాయం చేసేవాణ్ణి. ఆయన పంచరు తొట్టి నీళ్లన్నీ కెలికేవారు. నేను నవ్వాపుకోలేక దొరికిపోయేవాణ్ణి. వీపు మీద ఒక్కటి పడేది. వారం వారం ఇదే వరస.

పోయిన నెల ఒకసారి అలాగే తీస్తే మాత్రం వెతకలేదు. మూడుసార్లు లెక్కపెట్టారు.

"ఇరవై ఏడే వస్తన్నాయిరా. నాకు మతి తప్పుతున్నట్టుంది."

అప్పుడే నోరు విప్పాల్సింది. ఇంకాస్త ఏడిపిద్దామనిపించింది. "ముసిలోరైపోనారు మేష్టారూ, రేపు మీ పేరూ మర్సిపోతారు" అన్నాను. ఆయన నవ్వి, పళ్లెం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆపైదీ రాలేదు. వచ్చినప్పుడు గుండు ఆయన చెవిలోంచే తీసినట్టు చూపిద్దామని నేను కూర్చున్నాను. రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు.

కర్మలయ్యాక వెళ్లాను. మేష్టారి భార్య పళ్లెం తెచ్చి ముందు పెట్టారు.

"లెక్కెట్టలేనోడు పిల్లలకేటి సెప్తాడని పుస్తకం మూసీసినారు బాబూ. ఇదొక్కటే దగ్గరెట్టుకున్నారు."

చివరి వరసలో ఏడు గుండ్లు. ఎనిమిదో చోట ఓ సెనగ గింజ.

నేను చేసినది చెప్పాను. ఆవిడ పళ్లెం అంచు కొంగుతో తుడిచారు.

"ఆయనతో ఒక్క మాట సెప్పకపోనావా, నాయనా."

ఆయన పెట్టిన గింజ తియ్యడానికి చెయ్యి రాలేదు. గుండుని పళ్లెంలో వదిలాను. ఏ వరసలోనూ దానికి చోటు లేదు. అంచు పట్టుకుని చుట్టూ తిరిగింది, మళ్లీ తిరిగింది. ఆవిడా నేనూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.