ఫోటోలో తగ్గిన చుక్కలు

అమ్మవారు పోసినప్పుడు అవ్వ ఎడమకన్ను పోయింది. చెరకాకు కోసుకుని కుడికన్నూ పోయింది. దాంతో బీడీలు చుట్టే పని పోయింది, సూదిలో దారం పోయింది, కోడలి మీద పెత్తనం కూడా పోయింది.

అవ్వ అంటే మా బోధన్ వైపు తల్లి. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. చెరకు కాటా దగ్గర లెక్కలు రాసేవాణ్ని. బడిలో చదివింది నాలుగో తరగతే, మిగతాది సొంతంగా నేర్చుకున్నాను. తూకానికి రానిదాన్ని ఒప్పుకోను.

డెబ్బైల మొదట్లో, చనిపోయిన ఎవరిదో కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరను, హైదరాబాదులో అవ్వ కుడికంటికి కుట్టారు. చూపొచ్చింది. కత్తిరించగా మిగిలిన అంచు, మా అక్క కొడుకు సాయిలు పనిచేసే ప్రయోగశాలకు చేరింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో దాన్ని వేలరెట్లు పెద్దదిగా ఫోటో తీశారు. ఆ పొరను అల్లిన కొలాజెన్ అనే పోగులు, అడ్డంగా కోసినందువల్ల, అందులో నల్లచుక్కల్లా కనిపిస్తాయి. అవి ఒద్దికగా సర్దుకుని ఉంటేనే వెలుతురు సాఫీగా పోతుందట.

సాయిలు ఒక ఫోటో నా చేతిలో పెట్టాడు. "నీ అంత ఓపిక మాకు లేదు మామా, జర లెక్కవెట్టు."

ఫోటో మీద వాడు గీసిన చదరంలో రెండు వందల పన్నెండు చుక్కలు. మూడుసార్లు లెక్కపెట్టాను.

నెల తర్వాత అదే చదరంలో మళ్లీ లెక్కపెడితే రెండు వందల మూడు.

వాడే ఫోటో మార్చాడనుకుని నిలదీశాను.

"నేనెందుకు మారుస్త? గవి చుక్కలు మామా, చెరకు గడలు గావు, ఎవడన్న గుంజుకపోనీకి!"

నమ్మలేదు. వెనక సంతకం చేసి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. వారానికి తీస్తే సంతకం నాదే. చుక్కలు నూట తొంభై. నా లెక్క చెప్పకుండా, గడియారాలు బాగుచేసే ఖాజాభాయ్‌కి ఇచ్చాను. కంటి అద్దం పెట్టుకుని ఆయనా అంతే తేల్చాడు.

ఆ సాయంత్రం కన్నెలా ఉందని అవ్వను గుచ్చి గుచ్చి అడిగాను. ముందు బుకాయించింది, తర్వాత ఒప్పుకుంది.

"మళ్ల కోస్తరని బయపడి సెప్పలేదురా. నెల సంది దీపం సుట్టూ పొగ గమ్ముతున్నది."

మర్నాడే హైదరాబాద్ బస్సెక్కించాను. కొత్త పొరను ఒళ్లు ఒప్పుకోవడం లేదన్నాడు డాక్టరు. ఇంకొన్నాళ్లు ఆగితే దక్కేది కాదట. మందుతో కన్ను తేటపడింది. బతికినన్నాళ్లూ సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

సాయిలు నా కళ్లే చూపించుకోమన్నాడు. చూపించుకున్నాను. బాగున్నాయి. అచ్చయిన ఫోటోలో చుక్కలెలా తగ్గాయో, ఎలా తిరిగొచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

కన్ను తేటపడ్డాక పెట్టె తెరిస్తే రెండు వందల తొమ్మిది. ఇవాళ కూడా లెక్కపెట్టాను. అంతే ఉన్నాయి.

మూడు ఇంకా రావాలి.